అసలు ముట్టని నాన్నకు వడ్డీ పంపండి

ప్రశ్న: మాది గుంటూరు దగ్గర పల్లెటూరు. నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను. నాన్న నూలు మిల్లులో పనిచేసి రిటైరయ్యారు. వయసు 66. పీఎఫ్ పెన్షన్ రెండు వేల చిల్లర. రెండున్నరేళ్లుగా నెలకు 10,000 పంపుతున్నాను. మొన్న సంక్రాంతికి వెళ్తే తెలిసింది, అందులో ఒక్క రూపాయి ముట్టుకోకుండా పోస్టాఫీసులో ఆర్‌డీ (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) కడుతున్నారు. నామినీ మా పాప! ఆయన మాత్రం కాడకు దారం కట్టిన కళ్లజోడుతో నెట్టుకొస్తున్నారు. శుక్లాల ఆపరేషన్ చేయించుకోమని డాక్టరు చెప్పి ఏడాదైనా ‘ఇంకా ముదరలేదులేరా’ అంటారు. ఈమధ్య 6 లక్షల బోనస్ వచ్చింది. ఎలా పెడితే ఆయన తనకోసం ఖర్చు పెట్టుకుంటారు? నాకు టర్మ్ పాలసీ లాంటివేమీ లేవు.

జవాబు: మీరు పంపే పది వేలు మీ నాన్నగారి లెక్కలో అసలు. కొడుకు కష్టార్జితం. మిల్లు జీతంతో ఇల్లు నడిపి, పండక్కి అందరికీ బట్టలు తెచ్చి ‘నాకు పోయినేడువి ఉన్నాయిగా’ అన్న మనిషి అసలు ముట్టుకోరు. పది వేలు కాస్తా పదిహేను చేశారనుకోండి, ఆర్‌డీలు రెండవుతాయి, అంతే. అదే డబ్బు వడ్డీ పేరుతో వస్తే తీసి వాడతారు. నా దగ్గరికి వచ్చే పెద్దవాళ్లలో ఈ అలవాటు బాగా చూస్తుంటాను.

కాబట్టి బోనస్‌లో 5 లక్షలు ఆయన ఖాతాకు పంపి, సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో పెట్టించండి. పోస్టాఫీసులోనైనా, బ్యాంకులోనైనా తెరవచ్చు. వడ్డీ 8.2 శాతం. ఖాతా తెరిచిన రోజున్న రేటే ఐదేళ్లూ ఉంటుంది. మూడు నెలలకోసారి 10,250 వస్తుంది. కొడుకు తండ్రికిచ్చిన డబ్బు మీద ఆయనకు పన్ను పడదు. వడ్డీ ఆయన ఆదాయంగానే లెక్కకొస్తుంది, మీ ఆదాయంలో కలవదు. ఆయనకున్న ఆదాయానికి పన్ను కట్టే పని కూడా ఉండదు. ఒకటి గుర్తుంచుకోండి, ఇచ్చాక అది ఆయన డబ్బు. రేపు కారు కొనాలని వెనక్కి అడగకూడదు.

ఆ వడ్డీతో కూడా ఇంకో ఆర్‌డీ మొదలుపెట్టే నాన్నలు లేకపోలేదు. అందుకే వడ్డీ పడే సేవింగ్స్ ఖాతాలో అమ్మగారి పేరు కూడా ఉండాలి, ఏటీఎం కార్డు ఆవిడ దగ్గరుండాలి.

పాత ఆర్‌డీ జోలికి వెళ్లకండి. పోస్టాఫీసు ఆర్‌డీని మూడేళ్లు నిండకుండా మూయనివ్వరు. ఆ తర్వాత ముందే మూసినా సేవింగ్స్ ఖాతా వడ్డీయే ఇస్తారు. మనవరాలి కోసం కడుతున్నారు, కట్టనివ్వండి. ఆయనకు అదో సరదా.

అయితే ఇవన్నీ చేసేముందు అమ్మగారిని విడిగా కూర్చోబెట్టి ఒక మాట అడగండి: బంగారం ఇంట్లోనే ఉందా? మీ చదువుకో, అక్కచెల్లెళ్ల పెళ్లికో తాకట్టు పెట్టిన గొలుసును ఏటా వడ్డీ కట్టి తిరగరాయించుకుంటూ, పిల్లలకు చెప్పని తండ్రులు ఎందరో. నాన్నగారిని అడిగితే ‘అబ్బే, ఏం లేదు’ అనే వస్తుంది. ఆర్‌డీ మీద వచ్చేది 6.7 శాతం. తాకట్టు వడ్డీ మామూలుగా అంతకంటే ఎక్కువే ఉంటుంది. అలాంటిది ఉంటే బోనస్‌లోంచి ముందు ఆ గొలుసు విడిపించి, మిగిలింది స్కీమ్‌లో పెట్టండి. ఎల్ఐసీ పాలసీ మీద లోను తీశారేమో కూడా అడగండి.

ఇక ఆపరేషన్. దీనికి డబ్బు పంపొద్దు, మీరే సెలవు పెట్టి వెళ్లండి. కంటి ఆసుపత్రిలో తేదీ తీసుకుని బిల్లు మీరే కట్టేయండి. ‘ఎంతయింది’ అంటే ఆఫీసు వాళ్లిచ్చారని చెప్పినా తప్పులేదు (ఆర్థిక సలహాదారుగా నేను అనకూడని మాటే). ఇప్పుడు కొత్తగా ఆరోగ్య బీమా తీసుకున్నా శుక్లాలకు సాధారణంగా రెండేళ్లు ఆగమంటారు, కాబట్టి దాని కోసం చూడొద్దు. మిగతా జబ్బులకు మాత్రం ఇద్దరికీ పాలసీ తీసుకోండి. ఉన్న బీపీ, షుగర్ దాచకుండా రాయించండి. 70 నిండాక ఆయుష్మాన్ వయ వందన కార్డు వస్తుంది. ఆదాయంతో పని లేకుండా ఏటా కుటుంబానికి 5 లక్షల వరకు వైద్యం ఉచితం.

మీకు టర్మ్ పాలసీ, అంటే మీకేమైనా అయితే ఇంటివాళ్లకు డబ్బు అందించే జీవిత బీమా, లేకపోవడం నాకు ఆపరేషన్ వాయిదా కంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది. పాప ఉంది, తల్లిదండ్రులు మీ మీదే ఆధారపడ్డారు. జీతమంతా ఇంటికి పెట్టి మీ సంగతి తర్వాత చూసుకుందామనుకోవడం మీకు నాన్నగారి నుంచే వచ్చినట్టుంది! ఏడాది జీతానికి కనీసం పది, పదిహేను రెట్లకు పాలసీ తీసుకోండి. మొదటి ప్రీమియం బోనస్‌లో మిగిలే లక్షలోంచే కట్టండి. వైద్య పరీక్షలకు కొన్ని రోజులు పడుతుంది కాబట్టి దరఖాస్తు ఈ వారమే పెట్టండి.