ఈమన్ ర్యాన్ ప్రశ్నలు 2020 తర్వాత ఎందుకు రావట్లేదు?

ఐర్లాండ్ గ్రీన్ పార్టీ మాజీ నేత ర్యాన్ అడిగిన ప్రశ్నల కోసం అక్కడి పార్లమెంటు వెబ్‌సైట్‌లో వెతికితే 2020 దగ్గరే ఆగిపోతోందా? సెర్చ్ పాడవలేదు, టెన్షన్ వద్దు. 2020 జూన్‌లో ఆయన మంత్రి అయ్యారు. ఐర్లాండ్ పార్లమెంటులో మంత్రి ప్రశ్నలు అడగరు, జవాబిస్తారు. "అడిగినవారు" దగ్గర ఆయన పేరు పెట్టారు కాబట్టే, 2016–20 ప్రతిపక్ష కాలం దగ్గర జాబితా ఆగిపోయింది.

1. రవాణా: పేరు తీసేసి, 2020–24లో ఆయన చూసిన రవాణా శాఖకు వేసిన ప్రశ్నలు తెరవండి.

2. పవన, సౌర విద్యుత్: పర్యావరణ, వాతావరణ, కమ్యూనికేషన్ల శాఖ. అప్పట్లో అదీ ఆయనదే. 2030కి 80 శాతం పునరుత్పాదక విద్యుత్ లక్ష్యం మీద జవాబులు ఇక్కడే దొరుకుతాయి.

3. చాలామంది మర్చిపోయేది ఇదే: దిగువ సభ డాల్ నంబరు మార్చడం (ప్రతి ఎన్నిక తర్వాత ఏర్పడే సభకు ఒక నంబరు ఉంటుంది). 2007–11లోనూ ఆయన ఇంధన మంత్రి, అది 30వ డాల్. 33 (2020–24) మీదే వదిలేస్తే ఆ నాలుగేళ్ల పనంతా మీ కంట పడదు. 31లో వెతకొద్దు, 2011లో ఓడిపోయారు.

4. గృహనిర్మాణం: 2020–24లో ఆ శాఖ డారా ఓబ్రయన్‌ది. ర్యాన్ మాటల కోసం సభా చర్చలే చదవాలి.

జవాబు పైన ఉన్న పేరు చూశాకే కోట్ చేయండి. సభలో ఒక్కోసారి సహాయమంత్రి జవాబిస్తారు.