పేరు పట్టుకుని వెతక్కండి, హద్దులు చూడండి

"మా ఆయన పూర్వీకులు జర్మనీ నుంచి పెన్సిల్వేనియా వచ్చారట. బ్రిటిష్ కాలం నాటి భూమి కాగితాల్లో వాళ్ల జాడ దొరుకుతుందా?" అని అడిగారు. తప్పకుండా దొరుకుతుందమ్మా. నేను సర్వేయరుగా చేసి రిటైరయ్యాను. మా అల్లుడిదీ అలాంటి కుటుంబమే. కిందటి చలికాలం అమ్మాయి దగ్గరున్న మూడు నెలలూ మా ఇద్దరికీ ఇదే పని.

అల్లుడు ఏళ్ల తరబడి ఇంటిపేరు పట్టుకుని వెతికాడు. అక్కడే దెబ్బతిన్నాడు. ముల్లర్ మిల్లర్ అయిపోయాడు. జిమ్మర్‌మాన్ అంటే వడ్రంగి కాబట్టి ఇంగ్లీషులో కార్పెంటర్ అయ్యాడు. కొన్ని పేర్లు ఇంగ్లీషు గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాసుకున్నాడు, కొన్ని తర్జుమా అయిపోయాయి మరి.

అప్పట్లో అక్కడి భూమి ఆ వలస రాజ్యానికి యజమానులైన పెన్ కుటుంబానిది. రైతు దరఖాస్తు పెడితే కొలవమని వారంటు ఇచ్చేవారు, తర్వాత సర్వే, డబ్బంతా కట్టాక పేటెంటు, అంటే మన పట్టా లాంటిది. అందరూ పేటెంటు దగ్గరే ఆగిపోతారు. వారంటుకీ పేటెంటుకీ మధ్య ఒక్కోసారి ఇరవై, ముప్పై ఏళ్లు పట్టేది, ఈలోగా భూమి చేతులు మారేది. కాబట్టి వారంటు, సర్వే చూడండి. అవి హారిస్‌బర్గ్‌లోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. సర్వే నకళ్లు ఆన్‌లైన్‌లో ఊరికే చూడొచ్చు.

ఒక రాత్రి అల్లుడు ట్యాబ్‌లో 1738 వారంటు మీద చేసిన సర్వే తెరిచాడు. వీళ్ల ఇంటిపేరు 'ప'తో మొదలవుతుంది, సర్వేలో మాత్రం 'బ'తో ఉంది. మాది కాదని మూసేయబోతుంటే ఆపమన్నాను. జర్మనీలో వీళ్లు వచ్చిన పాలటినేట్ ప్రాంతం యాసలో ఆ రెండూ కలిసిపోతాయి. బొమ్మకు ఎడమ పక్కన సన్నటి అక్షరాల్లో పొరుగు రైతు పేరుంది. అల్లుడి నాయనమ్మ దాచిన చర్చి పుస్తకం నకలు బయటికి తీసి చూశాం. రెండో బిడ్డ బాప్తిస్మంలో బిడ్డ తరఫున నిలబడింది ఆ పొరుగు రైతే!

ఇక సర్వేలో రాసిన హద్దులు: తెల్ల ఓక్ చెట్టు దగ్గర మొదలై ఈశాన్యంగా 120 పెర్చులు, అక్కణ్ణుంచి వాగు. పెర్చ్ అంటే పదహారున్నర అడుగులు, నాలుగు పెర్చులు మన 66 అడుగుల గొలుసు. అంటే సరిగ్గా ముప్పై గొలుసులు. ఎఫ్‌ఎంబీలు, అంటే పొలాల కొలతల పటాలు గీసిన చేతికి ఇదేం కొత్త కాదు. పొద్దున్నే స్కేలు తెప్పించి గీసి, ఉపగ్రహ పటం పక్కన పెట్టి చూశాం. టల్పహాకెన్ వాగు వంపులో అతికినట్టు కూర్చుంది. ఆ ఈశాన్యపు గీత ఇప్పటికీ పొలం గట్టే. అల్లుడు చాలాసేపు మాట్లాడలేదు.

జిల్లా విషయంలోనూ జాగ్రత్త. వారంటులో లాంకాస్టర్ కౌంటీ అని ఉంటుంది, 1752లో దాంట్లోంచి బెర్క్స్ కౌంటీ విడిపోయింది. మన ఆంధ్రాలో 2022లో 13 జిల్లాలు 26 అయినట్టే.

వంశవృక్షాల సైట్లంటే నాకు ఒళ్లు మంట. ఒకడు తప్పు రాస్తే వందమంది ఎక్కించుకుంటారు. 'పెన్సిల్వేనియా డచ్' అన్న మాట చూసి మా వాళ్లది హాలండ్ అని రాసేసిన అల్లుడి చుట్టం ఒకాయన ఉన్నాడు. అది డాయిచ్, జర్మన్ అని ఎంత చెప్పినా వినడు. ఇంకా బాధ ఏంటంటే, ఇలా మూడొందల ఏళ్ల నాటి గట్టు వెతుక్కునేవాళ్లు అక్కడుంటే, మా అన్నదమ్ముల పిల్లలకి సొంత పొలం సర్వే నంబరు తెలీదు.

ముందు మీ అత్తగారిని అడిగి బాప్తిస్మం కాగితాలు ఏమున్నా బయటికి తీయించండి. అందులో సాక్షుల పేర్లు ఒక వరసలో, సర్వేలో పొరుగువాళ్ల పేర్లు ఇంకో వరసలో రాసుకోండి. సర్వే బొమ్మ దొరికితే ఇక్కడ పెట్టండమ్మా, కొలతలు వేసి గీసిస్తాను.