మొదటి భూస్థాపనకు వెళ్లే ముందు

బాబూ,

రేపు నువ్వు మొదటిసారి భూస్థాపన ఆరాధన నడిపిస్తున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. మన ఇంట్లో మరో కాపరి లేచాడని పొంగిపోయాను. పోయింది ఆరేళ్ల బిడ్డ అని తెలిశాక నిద్ర పట్టలేదు.

గంట ముందే వెళ్లు. చదవాల్సిన వాక్యభాగాలకు గుర్తులు పెట్టుకో. ప్రసంగం పది నిమిషాలు దాటనివ్వకు.

రోమా పత్రిక 6:23 వచనం మాత్రం ఎత్తకు. "పాపమువలన వచ్చు జీతము మరణము." నీ వయసులో నేను ఒక పసిపాప పెట్టె ముందు నిలబడి, గొంతు పెంచి మరీ ఆ మాట చెప్పాను. సాయంత్రం తల్లి వచ్చింది. ఆమె గోళ్లలో సమాధి మన్ను ఇంకా ఉంది. "అయ్యగారూ, నాట్ల రోజుల్లో రెండు ఆదివారాలు మందిరానికి రాలేదండీ. అందుకేనా?" అని అడిగింది. కూలికి వెళ్లే మనిషి. జీతమంటే రోజులు లెక్కగట్టి ఇచ్చేదే కదా, అందుకే తన రోజులు లెక్కపెట్టుకుంది. "కాదమ్మా" అనే ఒక్క మాట నా నోట రాలేదు. ఆ తర్వాత మూడు వారాలు ఆ వీధిలోకి వెళ్లలేకపోయాను.

నేను వచనాన్ని సగంలో ఆపాను బాబూ. అక్కడ జీతమిచ్చే యజమాని పాపమే, దేవుడు కాదు. దేవుడిచ్చేది కృపావరమని, అంటే ఊరికే ఇచ్చే వరమని, మిగతా సగంలోనే ఉంది. మరణం ఆదాము పాపఫలమని సంఘం మొదటినుంచీ నమ్మింది, 418లో కార్తేజులో కూడిన బిషప్పుల సభ తీర్మానించింది కూడా. నేను దాన్ని కాదనడం లేదు. అది మానవజాతి అంతటి సంగతి. ఫలానా ఇంట్లో ఫలానా తప్పుకు ఈ బిడ్డ పోయిందని చెప్పే అధికారం మనకెవరిచ్చారు? సిలోయము గోపురం కూలి చచ్చిన 18 మంది ఇతరులకంటే అపరాధులా అని అడిగి, కాదన్నది యేసే. పుట్టుగుడ్డివాడు ఎవరి పాపంవల్ల అలా పుట్టాడని అడిగిన శిష్యులకూ అదే జవాబు. తన స్నేహితుడు లాజరు సమాధి దగ్గర ఆయన ఎవరి పాపాన్నీ ఎత్తలేదు, ఏడ్చాడు.

నీకు చదివినదంతా ఒక్కసారే చెప్పేయాలనే తొందర ఎక్కువ. చిన్నప్పుడు కంఠత వాక్యాలు కూడా ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పేవాడివి, నేను మురిసిపోయేవాణ్ణి. రేపు అలా వద్దు.

కూడిక కాగానే బయలుదేరకు. ఆ తల్లి పక్కన కూర్చో. ఆమె నోరు తెరిచి, ఆనాటి తల్లి నన్ను అడిగిన ప్రశ్నే అడిగితే, వెంటనే "కాదమ్మా" అను. రాత్రి ఎంత పొద్దుపోయినా నాకు ఫోను చెయ్యి, మేలుకునే ఉంటాను.

మీ పెదనాన్న