చక్రాల కుర్చీలో ఉన్న బాబుతో విశాఖలో ఎక్కడికి వెళ్లవచ్చు?

విజయనగరం నుంచి బదిలీ మీద వచ్చామనీ, తొమ్మిదేళ్ల బాబుకు సెరిబ్రల్ పాల్సీ అనీ, వాడి చెల్లెలికి నాలుగేళ్లనీ, ఆదివారాలు నలుగురూ కలిసి వెళ్లదగ్గ చోటు చెప్పమనీ అడిగారు. మా అమ్మాయిదీ ఇదే పరిస్థితి. ఇప్పుడు తొమ్మిదో తరగతి చదువుతోంది. దాని తమ్ముడు క్షణం కుదురుగా ఉండడు. అందుకే ఏ పార్కుకు వెళ్లినా నేను చూసేది ఒకటే: వాడు ఆడుతుంటే ఇది చెప్పులకు కాపలాగా కూర్చోవాలా, లేక దీనికీ అక్కడ చేసేందుకు ఏదైనా ఉందా? ర్యాంపు ఉందంటే చాలామంది సంతోషపడిపోతారు. ర్యాంపు లోపలికి తీసుకెళ్తుంది, అంతే.

ఆ లెక్కన మొదట చెప్పాల్సింది బీచ్ రోడ్డులోని ఆల్ ఎబిలిటీస్ పార్కు. స్మార్ట్ సిటీ పథకం కింద కట్టారు. వైకల్యం ఉన్న పిల్లలూ లేని పిల్లలూ ఒకేచోట ఆడుకోవాలన్నదే దాని ఉద్దేశం. అయితే సముద్రం పక్కన ఇనుము ఎన్నాళ్లు నిలుస్తుందో తెలిసిందే కదా. మొదటిసారి మీరో, మీవారో ఒక్కరే వెళ్లి ఏ ఊయల బాగుంది, మరుగుదొడ్డి తలుపులో కుర్చీ పడుతుందా అని చూసి రండి. పిల్లవాణ్ణి ఆశపెట్టి తీసుకెళ్లి తాళం చూపించడం కంటే ఆ గంట శ్రమే నయం.

ఆర్కే బీచ్‌కు తెల్లవారుజామున వెళ్లండి. వాకింగ్ చేసేవారి కోసం ఉదయం కాసేపు వాహనాలను ఆపేస్తారు. అప్పుడు రోడ్డంతా మనదే. మా అమ్మాయి తన చేతులతో తానే చక్రాలు తిప్పుకుంటూ తమ్ముడితో పందెం వేసేది అక్కడే. ఇసుకలోకి దిగాలంటే కుర్చీని ముందుకు తోయకండి. ముందున్న చిన్న చక్రాలు వెంటనే కూరుకుపోతాయి. కుర్చీని వెనక్కి తిప్పి, కాస్త వాల్చి, పెద్ద చక్రాల మీద లాక్కుంటూ వెళ్లాలి. తడి ఇసుక గట్టిగా ఉంటుంది, అక్కడిదాకా చేరితే చాలు. ఇంటికి రాగానే చక్రాలను మంచినీళ్లతో కడిగి, తుడిచి, ఇరుసులో రెండు చుక్కల నూనె వేయండి. లేదంటే ఉప్పుకు బేరింగులు పట్టేసి కుర్చీ కిర్రుమంటుంది. అక్కడ అలలు నమ్మదగినవి కావు, నీళ్లలోకి మాత్రం వద్దు.

రుషికొండ బీచ్‌కు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. శుభ్రత, భద్రత బాగున్న బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు అది. దివ్యాంగులకు సదుపాయాలు కల్పించడం కూడా ఆ గుర్తింపు ప్రమాణాల్లో ఉంది. కాబట్టి ర్యాంపు ఎటుందో అక్కడి సిబ్బందిని మొహమాటపడకుండా అడగండి. మీరు అడుగుతున్నది ఉపకారం కాదు.

జూ పార్కు చాలా పెద్దది, 600 ఎకరాల పైమాటే. అందులోనూ కంబాలకొండ అడవి పక్కన కాబట్టి దారంతా ఎగుడుదిగుడు. కుర్చీ తోస్తూ తిరుగుదామంటే రెక్కలు పడిపోతాయి. బ్యాటరీ బండి ఎక్కి, కుర్చీ మడిచి వెంట పెట్టుకోండి. సోమవారం సెలవు. కైలాసగిరి పైకి కారు వెళ్తుంది, కానీ పైన దారులు ఎక్కుతూ దిగుతూ ఉంటాయి కాబట్టి తోసేవారు ఇద్దరుండాలి. బీచ్ రోడ్డులో మ్యూజియంగా ఉంచిన కురుసుర సబ్‌మెరైన్‌ను బయటి నుంచే చూపించండి. లోపల ఇరుకు మార్గాలు, గుండ్రటి రంధ్రాల్లాంటి ద్వారాలు. నావికులకే ఒళ్లు వంచక తప్పదు. ఎదురుగా ఉన్న టీయూ-142 విమానంలోకి మెట్లెక్కాలి, కానీ ఆ రెక్కల కింద నిలబడి తలెత్తి చూస్తే పిల్లలకు అదే సగం పండుగ.

ఇక అసలు తలనొప్పి పేట పార్కుల గేట్లు. బైకులు దూరకుండా ఇనుప గొట్టాలు వంకరటింకరగా పాతుతారు. మా కుర్చీ వెడల్పు 25 అంగుళాలు, ఆ సందు అంతకంటే తక్కువ. పెద్ద గేటు ఉంటుంది, దానికి తాళం ఉంటుంది, తాళంచెవి ఎవరి దగ్గరుందో కాపలాదారుకే తెలియదు. మేం సదరం సర్టిఫికెట్ (వైకల్యాన్ని ధ్రువీకరిస్తూ ప్రభుత్వం ఇచ్చేది) నకలు, గేటు ఫొటో, టేపు పెట్టి తీసిన కొలతలు జతచేసి, సోమవారం కలెక్టరేట్‌లో ప్రజల అర్జీలు తీసుకునే చోట ఇచ్చి రసీదు తీసుకున్నాం. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 29వ సెక్షన్ వినోదం గురించే చెబుతుంది, అర్జీలో ఆ అంకె తప్పక వేయండి. ర్యాంపు అడిగితే వాలు కూడా రాయండి: అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు. రాయకపోతే జారుడుబల్ల కట్టి వెళ్తారు. మా గేటులో చివరికి ఒక గొట్టం తీసేశారు. ఇప్పుడు కుర్చీ పడుతోంది. బైకులూ వస్తున్నాయనుకోండి, అది వేరే గొడవ.

ఎండాకాలంలో సాయంత్రం అయిదు దాటాకే బయలుదేరండి. ఉక్కపోతకు కుర్చీ సీటు, వీపు తడిసి ఒరుసుకుపోతాయి. ఒక నూలు తువ్వాలు పరిస్తే మంచిది. తొలి ఆదివారానికైతే ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గరి సెంట్రల్ పార్కు నయం. పాత జైలు స్థలంలో కట్టింది. ఊరి మధ్యలో ఉంది, ఇబ్బంది అనిపిస్తే పది నిమిషాల్లో ఆటో ఎక్కి ఇంటికి వచ్చేయవచ్చు. మీరుండే పేట ఏదో, బాబు కుర్చీ వెడల్పు ఎంతో రాయండి. దగ్గర్లో ఏ గేటులో పడుతుందో చెబుతాను.