స్టోరు బియ్యంలో తరుగు ఎక్కడ? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: అమెరికాలో పేదలకిచ్చే ఆహార సాయంలో మోసాలు ఆపడానికి అక్కడి ప్రభుత్వం విడిగా గ్రాంట్లు ఇస్తుందని మా మేనల్లుడు చెప్పాడు. మన స్టోరు బియ్యానికి అలాంటిదేమైనా ఉందా? ఉంటే మా యువజన సంఘం దరఖాస్తు పెట్టుకోవచ్చా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: సంఘాలకు ఇవ్వరు. అమెరికాలో కూడా స్నాప్ అనే ఆ ఆహార సాయం పథకం కింద ఆ గ్రాంటు అందుకునేవి పథకాన్ని నడిపే రాష్ట్ర శాఖలే. మన దగ్గర గ్రాంటు అనే పేరుతో కనిపించదు గానీ డబ్బయితే ఉంది. అది డీలరు కమీషన్ పక్కనే నడుస్తుంది.

రాష్ట్రాలకు కేంద్రం చేసే సాయం మీద 2015లో ఆహార భద్రత నియమాలు వచ్చాయి. మన ఆంధ్రప్రదేశ్ లాంటి చోట్ల డీలరుకు క్వింటాలుకు 70 రూపాయల మార్జిన్ (కమీషన్), ఈ-పాస్ యంత్రంలో, అంటే వేలిముద్ర తీసుకుని స్లిప్పు ఇచ్చే యంత్రంలో, నమోదైన అమ్మకానికి మాత్రం ఇంకో 17 రూపాయలు అని పెట్టారు. 2022లో ఇవి 90, 21 అయ్యాయి. ఖర్చులో కేంద్రానిది సగం, రాష్ట్రానిది సగం. చేతిరాత పుస్తకంలో రాసి బియ్యం ఇస్తే ఆ 21 రాదు. యంత్రం కొనడం, నడపడం, బాగుచేయించడం కోసం పెట్టిన డబ్బు అది. అందులో రాష్ట్రం మిగుల్చుకున్నది ఎలక్ట్రానిక్ కాటాలు కొని ఈ-పాస్‌కు కలపడానికి వాడుకోవచ్చని 2021 జూన్‌లో సవరణ చేశారు.

నెలకు 90 క్వింటాళ్ళు పంచే దుకాణం అనుకుందాం. 21 లెక్కన నెలకు 1,890, ఏడాదికి 22,680 రూపాయలు. గొప్ప మొత్తమేం కాదు, కానీ పేపర్ రోలు లేదనీ కాటా వైరు తెగిందనీ నెలల తరబడి చెప్పుకోవలసినంత తక్కువా కాదు. ఒక్క సంగతి: ఈ లెక్క కేంద్రం కోటా బియ్యానికే. మన రాష్ట్రం సొంత ఖర్చుతో నడిపే కార్డులూ ఉన్నాయి, వాటికి ఇది వర్తించదు.

మీ సంఘానికి డబ్బు రాదు గానీ పని ఉంది. 2013 ఆహార భద్రత చట్టం 29వ సెక్షన్ కింద దుకాణం స్థాయి నుంచి రాష్ట్ర స్థాయి దాకా విజిలెన్స్ కమిటీలు ఉండాలి. స్థానిక సంస్థలతో పాటు ఎస్సీ, ఎస్టీలకూ, మహిళలకూ, దిక్కులేనివారికీ, దివ్యాంగులకూ అందులో చోటివ్వాలి. 28వ సెక్షన్ సామాజిక తనిఖీ గురించి, 27వ సెక్షన్ రికార్డులు జనం ముందు పెట్టడం గురించి చెబుతాయి. మీ దుకాణం కమిటీలో ఎవరెవరున్నారో జాబితా ఇమ్మని తహసీల్దారు కార్యాలయంలో రాతపూర్వకంగా అడగండి. చాలా ఊళ్ళలో ఆ జాబితా కాగితం మీదే ఉంటుంది, అందులో పేరున్నవాళ్ళకే ఆ సంగతి తెలియదు.

ప్రశ్న: స్లిప్పులో 20 కిలోలని వస్తుంది, ఇంటి దగ్గర తూస్తే 19 కూడా ఉండదు. మెషిన్‌కు కాటా కలిపారు కదా, ఇంకెలా తగ్గుతుంది?
– ఒక గృహిణి, చీమకుర్తి

జవాబు: కాటాను బ్లూటూత్‌తోనో వైరుతోనో ఈ-పాస్‌కు కలుపుతారు. కాటా మీద బరువు కార్డుకు రావలసినంత ఉంటేనే యంత్రం స్లిప్పు ఇవ్వాలి. అయితే యంత్రానికి తెలిసేది బరువే, ఆ బరువు బియ్యానిదా కాదా అన్నది కాదు. కిటుకంతా అక్కడే.

ఎక్కువగా జరిగేది, ఖాళీ డబ్బా బరువు తీసేయకుండా తూయడం. రెండు కిలోల ఇనప డబ్బా కాటా మీద ఉంటే 18 కిలోల బియ్యానికే 20 చూపిస్తుంది. డబ్బా పెట్టాక అంకె సున్నాకు వచ్చిందో లేదో చూడండి, రాకపోతే ‘టేర్’ మీట నొక్కమనండి. రెండోది, కాటా మీద ఒకే బస్తా పెట్టి వరసగా అందరికీ స్లిప్పులు కొట్టేసి, బియ్యం మాత్రం పక్కన డబ్బాతో కొలిచి పోయడం. మీరు తీసుకెళ్ళే సంచే కాటా మీద ఉండాలి.

కాటానే తప్పయితే? కిలో ఉప్పు ప్యాకెట్లు ఐదు తీసుకెళ్ళి పెట్టండి. కవర్లతో కలిపి 5 కిలోల మీద ఇరవై ముప్పై గ్రాములు చూపాలి. 5 కిలోల 200 గ్రాములు చూపిందంటే కాటా ఎక్కువ చెబుతోంది, అంటే మీకు తక్కువ బియ్యం వస్తోంది. తక్కువ చూపితే నష్టం డీలరుది. ఎలక్ట్రానిక్ కాటాకు తూనికలు కొలతల శాఖ ఏడాదికోసారి ముద్ర వేయాలి. ఆ సర్టిఫికెట్ దుకాణంలో కనపడేలా ఉండాలి.

డీలర్ల వైపు మాటా వినాలి. మండలంలోని గోడౌన్ నుంచి బస్తాలు లెక్కపెట్టి దించుతారు, తూచి దించడం అరుదు. కొత్త జనపనార గోతం ఒక్కటే 580 గ్రాములుంటుంది. గోతంతో కలిపి 50 కిలోలే తూగితే లోపల బియ్యం 49 కిలోల 420 గ్రాములు. వంద బస్తాలకు 58 కిలోల లోటు దుకాణం గడప దాటకముందే వచ్చినట్టు. ఆ లోటు కార్డుదారుల సంచుల్లోకి దిగుతుంది. కాబట్టి లారీ వచ్చిన రోజున కమిటీ సభ్యులు ఇద్దరు నిలబడి పది బస్తాలు తూయించి, రసీదు మీద ఆ బరువు రాయించడం డీలరుకీ మేలే.

ఇంకో మాట. తూకం తగ్గించిన దుకాణంలో సరుకు పుస్తకం లెక్క కంటే ఎక్కువ ఉంటుంది, తక్కువ కాదు. పాత నిల్వకు వచ్చింది కలిపి అమ్మింది తీసేస్తే మిగలాల్సినదెంతో యంత్రం చెబుతుంది. మిగుల్చుకున్న బియ్యం రాత్రికి రాత్రి బండెక్కితే లెక్క సరిపోతుంది. అందుకే తనిఖీ అడిగేవాళ్ళు నెల చివర అడిగితే ఫలితం ఉండదు. 2025 జూన్ నుంచి పంపిణీ 1 నుంచి 15 వరకు దుకాణాల్లోనే జరుగుతోంది కనుక 12, 13 తేదీల్లో అడగండి.

ప్రశ్న: మా అమ్మ ఏళ్ళ తరబడి పొగాకు పనికి పోయింది, వేలిముద్ర పడదు. ‘వేలు పడలేదు, బియ్యం లేవు’ అంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, కొండపి

జవాబు: కార్డులో ఉన్న ఎవరి వేలైనా చాలు, అమ్మే రావాలని లేదు. ఒంటరి మనిషైతే చేతులు సబ్బుతో కడిగి, తడి ఆరాక వేరే వేళ్ళు కూడా పెట్టించండి. ఆధార్ కేంద్రంలో వేలిముద్రలు, కంటిపాప మళ్ళీ నమోదు చేయించండి. 65 ఏళ్ళు దాటినవారికీ, దివ్యాంగులకూ ఇంటికే తెచ్చివ్వాలి, అది దయ కాదు, ఉత్తర్వు. రాష్ట్రంలో ఏ దుకాణంలోనైనా తీసుకోవచ్చు కాబట్టి, పక్క దుకాణంలో ముద్ర పడితే మొదటి చోట యంత్రంలోనే లోపమని తేలుతుంది.

ప్రశ్న: బియ్యం వద్దంటే డీలరే కిలోకు పది రూపాయలిస్తానంటున్నాడు. తీసుకుంటే తప్పా?
– ఒక పాఠకురాలు, బుచ్చిరెడ్డిపాళెం

జవాబు: తప్పే. మీ వేలిముద్ర పడింది కాబట్టి రికార్డులో బియ్యం మీరు తీసుకున్నట్టే. సేకరించి గోడౌన్లకు చేర్చేదాకా ఆ బియ్యం కిలోకు కేంద్రానికయ్యే ఖర్చు దాదాపు 40 రూపాయలు. మీ చేతికి పది. మిగతాది మధ్యవాళ్ళది, పాలిష్ పట్టే మిల్లుది. పట్టుబడితే నిత్యావసర సరుకుల చట్టం 6-ఎ కింద సరుకు జప్తు చేస్తారు, 7వ సెక్షన్ కింద జైలు కూడా ఉంది. నిజంగా బియ్యం అక్కర్లేకపోతే వేలు పెట్టకండి. అయితే వరసగా ఆరు నెలలు తీసుకోని కార్డును తాత్కాలికంగా ఆపి విచారించాలని 2025 జూలైలో కేంద్రం రేషన్ పంపిణీ నియంత్రణ ఉత్తర్వును సవరించింది, అదీ గుర్తుంచుకోండి.

ఫిర్యాదుకు 1967కు ఫోన్ చేయవచ్చు. లేదా సోమవారం నెల్లూరు, ఒంగోలు కలెక్టరేట్లలో జరిగే గ్రీవెన్స్‌లో అర్జీ ఇవ్వవచ్చు. పౌరసరఫరాల వ్యవహారం జాయింట్ కలెక్టరు చూస్తారు. ‘డీలరు మోసం చేస్తున్నాడు’ అని ఒక్క వాక్యం రాస్తే, విచారించాం, ఆరోపణ రుజువు కాలేదు అని మూసేస్తారు. దుకాణం నంబరు, కార్డు నంబరు, తేదీ, వేళ, స్లిప్పులోని బరువు, బయట తూయించిన బరువు, తూసిన చోటు రాసి స్లిప్పు జిరాక్సు జతచేయండి. ఒకే రోజు తీసుకున్న ఐదారు కార్డుల వివరాలు కలిపి ఇస్తే పొరపాటున జరిగిందనే మాట నిలవదు. అర్జీ రసీదు నంబరు తీసుకోకుండా కౌంటరు వదలకండి.