వైద్య సందేహాలు: 76 ఏళ్ల వయసులో రెండో ఫిస్టులా వేయించవచ్చా?

ప్రశ్న: మాది సోంపేట దగ్గరి పల్లె. మా నాన్నగారికి 76 ఏళ్లు, మధుమేహం ఉంది. అయిదు నెలలుగా మెడ దగ్గర అమర్చిన పెర్మ్‌క్యాథ్ (సిరలోకి వేసే గొట్టం) ద్వారా డయాలసిస్ జరుగుతోంది. ఎడమ మణికట్టు వద్ద వేసిన ఫిస్టులా పనిచేయలేదు. ఇప్పుడు మోచేతి దగ్గర మరొకటి వేద్దామంటున్నారు. ఈ వయసులో మళ్లీ కోత ఎందుకని బంధువులు వారిస్తున్నారు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మీ ఉద్దానం ప్రాంతం నుంచి మాకు తరచుగా వచ్చే ప్రశ్నే ఇది. మణికట్టు ఫిస్టులా విఫలం కావడానికి మీ నాన్నగారి అజాగ్రత్త కారణమని అనుకోకండి. ఫిస్టులా అంటే ధమనిని సిరతో కలిపి కుట్టడం. ధమని రక్తపు ఒత్తిడికి సిర వెడల్పై, గోడ గట్టిపడితేనే అందులో డయాలసిస్ సూదులు గుచ్చగలరు. అందుకు ఆరు వారాల నుంచి మూడు నెలలు పడుతుంది. మధుమేహం ఉన్న వృద్ధులలో ముంజేతి ధమనులు సున్నం పట్టి గట్టిపడి, సిరలు సన్నబడి ఉంటాయి కనుక ఆ మార్పు చాలాసార్లు జరగదు. మోచేతి దగ్గర రక్తనాళాలు పెద్దవి కాబట్టి అక్కడ ఫలించే అవకాశం ఎక్కువ.

అయినా వెంటనే ఒప్పుకోవద్దు. ముందు చేతి రక్తనాళాలకు డాప్లర్ స్కాన్, గుండెకు ఎకో పరీక్ష చేయించండి. ఫిస్టులా గుండెపై అదనపు భారం వేస్తుంది. గుండె బాగా బలహీనంగా ఉంటే పెర్మ్‌క్యాథ్‌తోనే కొనసాగడం తప్పేమీ కాదు. అందరికీ ముందు ఫిస్టులాయే అనే పాత పట్టును అమెరికాలోని నేషనల్ కిడ్నీ ఫౌండేషన్ కూడా 2019 మార్గదర్శకాలలో సడలించి, రోగి ఆరోగ్య స్థితిని, ఇష్టాన్ని బట్టి నిర్ణయించాలని చెప్పింది. గుండె, రక్తనాళాలు బాగుంటే మాత్రం, బంధువుల మాట ఎలా ఉన్నా, మోచేతి ఫిస్టులా వేయించడమే మేలని నా అభిప్రాయం. ఎందుకంటే మెడలోని గొట్టం ద్వారా రక్తంలోకి ఇన్‌ఫెక్షన్ చేరే ముప్పు రోజూ ఉంటుంది. చలితో జ్వరం వస్తే అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

శస్త్రచికిత్స సాధారణంగా చేతికి మాత్రమే మత్తు ఇచ్చి చేస్తారు. ఆ తర్వాత చెయ్యి చల్లబడినా, వేళ్లు నొప్పిపెట్టినా సర్జన్‌కు చూపించాలి. మోచేతి ఫిస్టులాలో, అందులోనూ మధుమేహులలో, వేళ్లకు రక్తం తగ్గే ప్రమాదం ఉంది. రోజూ ఉదయం ఫిస్టులాపై వేళ్లు ఆనించి చూస్తే సన్నని అదురు తెలియాలి, అది ఆగితే ఆలస్యం చేయకూడదు.

ఇంకొక మాట. నీరసమనగానే ఊళ్లో ఆర్‌ఎంపీ చేత సెలైన్ పెట్టించే అలవాటు మనకు ఉంది. ఫిస్టులా వేయదలచిన చేతికి సెలైన్ సూది గానీ, రక్తపరీక్ష గానీ, బీపీ పట్టీ గానీ ఇప్పటినుంచే వద్దని ఇంట్లో అందరికీ చెప్పండి.