1925లో మగవాళ్లందరికీ ఓటిచ్చిన జపాన్, పదేళ్లలో సైన్యం గుప్పిట్లోకి ఎలా వెళ్లింది?

రాత్రికి రాత్రి జరిగింది కాదు. 1918లో బియ్యం ధరలు మండిపోతే, తొయామా తీరంలో జాలరి ఆడవాళ్లు మొదలుపెట్టిన గొడవ దేశమంతా పాకి ప్రభుత్వాన్నే దింపేసింది. ఆ తర్వాతే పార్టీల పాలన బలపడింది. 1925లో 25 ఏళ్లు దాటిన మగవాళ్లకు ఓటు ఇచ్చారు. అదే ఏడాది కమ్యూనిస్టులను అణిచే చట్టమూ తెచ్చారు. ఆ జోడింపు ఊరికే జరిగిందనుకోను.

నా దృష్టిలో అసలు దెబ్బ పట్టు మీద పడింది. పల్లెల్లో ఇంటింటా పట్టుపురుగులు పెంచేవారు, ఆ పట్టు ఎక్కువగా అమెరికాకే వెళ్లేది. 1929లో మొదలైన ఆర్థిక మాంద్యం తర్వాత అక్కడ కొనే నాథుడు లేడు. సరిగ్గా ఆ టైంలోనే, 1930 జనవరిలో, ప్రభుత్వం యెన్‌ను పాత రేటుకే బంగారంతో ముడిపెట్టింది. దాంతో యెన్ ఖరీదై, జపాన్ సరుకులు బయట అమ్ముడుపోవడం ఇంకా కష్టమైంది. ధరలు కుప్పకూలాయి. ఈశాన్య పల్లెల్లో అప్పులు తీర్చలేక కూతుళ్లను అమ్ముకున్న కుటుంబాలున్నాయి. పార్టీలన్నా, వాటి వెనకున్న పెద్ద కంపెనీలన్నా కుర్ర సైనికాధికారులకు ఒళ్లు మండింది అందుకే.

1931 డిసెంబరులో ఆర్థికమంత్రి తకహాషి కొరెకియో ఆ ముడి విప్పేసి, ఖర్చు పెంచి, ఎగుమతులను లేపాడు. అప్పటికే సైన్యం చైనా ఈశాన్యంలోని మంచూరియాలో దిగిపోయింది. 1932 మేలో ప్రధాని ఇనుకాయిని నౌకాదళ అధికారులు కాల్చి చంపారు. పార్టీల ప్రభుత్వాలు అంతటితో సరి. సైన్యం బడ్జెట్‌కు కళ్లెం వేయబోయిన తకహాషిని 1936 ఫిబ్రవరిలో తిరుగుబాటు చేసిన కుర్ర సైనికాధికారులు ఇంట్లోనే చంపేశారు.